వ్యాపార పన్ను నమోదు సంఖ్య: గుంటూరు, ప్రకాశం పత్తి, మిర్చి ప్రాంతం

సరుకు అమ్మే వ్యక్తినిగానీ సంస్థనుగానీ పన్నుల శాఖ గుర్తుపట్టడానికి ఇచ్చే సంఖ్యే వ్యాపార పన్ను నమోదు సంఖ్య. 2017 జూలై 1 నుంచి దేశమంతటా ఇది 15 అక్షరాల జీఎస్టీఐఎన్. వాడుకలో జీఎస్టీ నంబరు అంటారు. గుంటూరులో పాత వ్యాపారులు ఇప్పటికీ నోటి అలవాటుగా ‘టిన్ నంబరు’ అనేస్తారు. అంతకంటే ముందు తరం వాళ్లు ‘సేల్స్ టాక్స్ నంబరు’ అనేవారు.

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో ఈ సంఖ్య వ్యవహారం మిగతా చోట్ల కంటే చిక్కుగా ఉంటుంది. కల్లంలో ఎండిన మిరపకాయ రైతు చేతిలో ఉన్నంతసేపు దానికి ఏ సంఖ్యా అక్కర్లేదు. అదే కాయ టిక్కీగా (గోతంగా) యార్డులో కాటా దిగి కమీషన్ కొట్టు బిల్లులోకి ఎక్కాక, సంఖ్య లేనిదే కదలదు. రైతుకూ వ్యాపారికీ మధ్య గీత ఎక్కడ పడుతుందో తేల్చుకోవడం దరఖాస్తు కంటే ముందు చేయాల్సిన పని. చాలామంది దరఖాస్తు నింపాక గానీ ఆ గీత గురించి ఆలోచించరు.

ప్రాంతం, సరుకు

గుంటూరు మిర్చి యార్డుకు ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్ అని పేరు. తేజ, 334, 341, బ్యాడిగి రకాలు గోతాల్లో వస్తాయి. ఆ గోతాన్ని ఇక్కడ టిక్కీ అంటారు. 334 రకం గుంటూరు పక్కనున్న లాం పరిశోధన కేంద్రం విడుదల చేసింది. గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. స్పైసెస్ బోర్డు సుగంధ ద్రవ్యాల పార్కు యడ్లపాడు మండలం వంకాయలపాడులో ఉంది. పత్తిది మరో దారి. సత్తెనపల్లి, నరసరావుపేట, చిలకలూరిపేట, మార్టూరు, పర్చూరు వైపు జిన్నింగ్ మిల్లులు, నూలు మిల్లులు దాన్ని అందుకుంటాయి. భారత పత్తి సంస్థ మద్దతు ధరకు కొంటే మిల్లు ఆవరణలోనే కాటా వేస్తారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి పల్నాడు, బాపట్ల కొత్తగా వచ్చినా, సరుకు నడిచే దారులు మాత్రం మారలేదు.

యార్డు భాషలో ఒక మాట కొత్తవాళ్లను తికమక పెడుతుంది. రైతు తెచ్చిన సరుకును కొట్లో దించుకునే కమీషన్ ఏజెంటు ఇక్కడ ‘దిగుమతి వ్యాపారి’. ఆ సరుకు కొని బయటి ఊళ్లకు పంపేవాడు ‘ఎగుమతి వ్యాపారి’. ఓడెక్కించినా ఎక్కించకపోయినా పేరు అదే. పన్ను చట్టం ఎగుమతి అనేది మాత్రం దేశం దాటితేనే. దరఖాస్తులో ‘ఎగుమతి’ గడిని యార్డు అర్థంలో టిక్ చేస్తే అక్కడి నుంచే పొరపాట్లు మొదలవుతాయి.

పూర్వ చరిత్ర

ఈ ప్రాంతంలో అమ్మకం పన్నుకు ఎనభై ఏళ్లు దాటింది. మద్యనిషేధం వల్ల ఆబ్కారీ రాబడి పోవడంతో, ఆ లోటు పూడ్చుకోవడానికి రాజాజీ మంత్రివర్గం 1939లో మద్రాసు సాధారణ అమ్మకం పన్ను చట్టం తెచ్చింది. దేశంలో సాధారణ అమ్మకం పన్నుకు అదే నాంది. గుంటూరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ఆ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం. ఒంగోలు కేంద్రంగా 1970లో ఏర్పడిన జిల్లాకు తర్వాత ఆయన పేరే పెట్టారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1957లో రాష్ట్రానికి సొంత సాధారణ అమ్మకం పన్ను చట్టం వచ్చింది. రాష్ట్రం దాటే సరుకుకు 1956 నాటి కేంద్ర అమ్మకం పన్ను చట్టం కింద వేరే నమోదు ఉండేది. కాబట్టి బొంబాయికి మిర్చి పంపే కొట్టుకు రెండు నంబర్లు, రెండు రకాల పుస్తకాలు. సరుకు కొన్న అవతలి వ్యాపారి ఇవ్వాల్సిన ‘సి’ ఫారం కోసం అతని వెంట నెలలు తిరిగిన గుమస్తాలు ఇప్పటికీ ఆ మాట వినగానే నిట్టూరుస్తారు.

2005 ఏప్రిల్ 1న వ్యాట్ వచ్చింది. దాంతోపాటు 11 అంకెల టిన్ వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో అది 28తో మొదలయ్యేది. చిన్న కొట్లకు టర్నోవర్ టాక్సు కింద వేరే నమోదు ఉండేది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37 కేటాయించారు. ఆ 37నే జీఎస్టీలోనూ కొనసాగించారు. జీఎస్టీ వచ్చినప్పుడు టిన్ ఉన్నవాళ్లకు తాత్కాలిక గుర్తింపు ఇచ్చి కొత్త పద్ధతిలోకి మార్చారు. అప్పుడు పాన్ వివరాలు సరిగా లేని కొట్లు చాలా ఇబ్బంది పడ్డాయి.

సంఖ్యలో ఏముంది

జీఎస్టీఐఎన్‌లో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. తర్వాతి పది అక్షరాలు పాన్. పదమూడోది ఆ రాష్ట్రంలో అదే పాన్ మీద తీసుకున్న ఎన్నో నమోదో చెబుతుంది. పద్నాలుగోది మామూలుగా జడ్ అక్షరం. చివరిది తప్పులు పట్టే అక్షరం. పైవాటిలో ఒక్కటి తప్పు కొట్టినా దాని లెక్క తప్పుతుంది.

అంటే సంఖ్య నడుము పాన్. పాన్‌లో నాలుగో అక్షరం ఆ మనిషి లేదా సంస్థ ఏ కోవకు చెందుతుందో చెబుతుంది. వ్యక్తికి పీ, భాగస్వామ్య సంస్థకు ఎఫ్, కంపెనీకి సీ, హిందూ ఉమ్మడి కుటుంబానికి హెచ్. వ్యక్తి విషయంలో ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం. తెలుగువాళ్లకు చిక్కు ఇక్కడే. మన దగ్గర ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంగా రాసుకోవడం మనకు అలవాటు. పాన్ దరఖాస్తులో పొడి అక్షరాలు పనికిరావు, ఇంటిపేరు పూర్తిగా రాయాలి. నింపేవాళ్లు ఇంటిపేరు గడిలో అసలు పేరు రాసినవీ, తండ్రి పేరు రాసినవీ ఎన్నో ఉన్నాయి. పాన్ కార్డు మీద ఇంటిపేరు పూర్తిగా, ఆధార్ మీద పొడి అక్షరంతో, బ్యాంకు పుస్తకంలో మరోలా ఉన్న మనిషి మన ప్రాంతంలో ఊరికొకరు కాదు, వీధికొకరు దొరుకుతారు.

జీఎస్టీ పోర్టల్ మాత్రం పాన్‌లో ఉన్న పేరునే చట్టబద్ధమైన పేరుగా తీసుకుంటుంది. అక్షరం తేడా ఉన్నా దరఖాస్తు మొదటి పేజీలోనే ఆగుతుంది. అందుకే అనుభవమున్న ట్యాక్స్ కన్సల్టెంటు ముందుగా అడిగేది అద్దె కాగితం కాదు. పాన్, ఆధార్, పాస్‌బుక్ మూడూ బల్ల మీద వరసగా పెట్టించి, పేర్లు అక్షరం అక్షరం పోల్చి చూస్తాడు. తేడా ఉంటే ముందు దాన్ని దిద్దుకు రమ్మని పంపేస్తాడు. ఆ దిద్దుబాటుకు పట్టే రెండు వారాలు వృథా అనిపించినా, తర్వాత పడే పాట్లతో పోలిస్తే అది చాలా తక్కువ.

ఎవరికి అవసరం

మొదట ఎవరికి అక్కర్లేదో చూద్దాం. సాగు చేసి పండించిన పంటను అమ్ముకునే రైతుకు, ఆ అమ్మకం వరకు జీఎస్టీ నమోదు అక్కర్లేదు. ఎన్ని లక్షల సరుకైనా సరే. చట్టం రైతు అనేది సొంత శ్రమతోనో, కుటుంబ శ్రమతోనో, కూలీలను పెట్టి స్వయంగా చూసుకుంటూనో భూమి సాగు చేసే వ్యక్తిని, లేదా హిందూ ఉమ్మడి కుటుంబాన్ని. భూమి సొంతమై ఉండాలని అందులో లేదు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. పల్నాడులోనూ పర్చూరు పొలాల్లోనూ మిరప వేసేవాళ్లలో కౌలు రైతులు చాలామంది. పట్టాదారు పుస్తకం లేదని తమకేదో నంబరు కావాలేమోనని భయపడాల్సిన పని వాళ్లకు లేదు. అయితే రైతులే కలిసి కట్టుకున్న ఉత్పత్తిదారుల కంపెనీ ఈ నిర్వచనంలోకి రాదు. అది వ్యక్తీ కాదు, ఉమ్మడి కుటుంబమూ కాదు. పరిమితి దాటితే దానికి సంఖ్య తప్పనిసరి.

ఆ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో సరుకుల వ్యాపారానికి ఏడాదికి 40 లక్షల టర్నోవరు. 2019 ఏప్రిల్ 1కి ముందు అది 20 లక్షలు. సేవలకు ఇప్పటికీ 20 లక్షలే. పక్కనున్న తెలంగాణ సరుకులకు కూడా 20 లక్షలే ఉంచుకుంది. రెండు రాష్ట్రాల్లో బంధువులుండి, వాళ్ల మాట విని లెక్క వేసుకునేవాళ్లు ఈ తేడా గమనించాలి. 40 లక్షలంటే మిర్చిలో ఎంత? క్వింటా 15,000 అనుకుంటే సుమారు 267 క్వింటాళ్లు. టిక్కీకి 45 కిలోల చొప్పున ఆరు వందల టిక్కీల లోపే. ఊళ్లో పది మంది దగ్గర కొని యార్డుకు తోలే చిన్న వ్యాపారి ఒక్క సీజన్‌లో ఆ గీత దాటేయగలడు. ఈ లెక్క ఒక కొట్టుది కాదు, ఒక పాన్‌ది. అదే మనిషికి ఎరువుల షాపు కూడా ఉంటే రెండూ కలిపే చూస్తారు. పన్ను లేని సరుకుల అమ్మకాలు కూడా కలుస్తాయి.

పన్ను పడే సరుకును రాష్ట్రం దాటించి అమ్మితే ఆ పరిమితి వర్తించదు. మొదటి లోడుకే నమోదు కావాలి. పచ్చి మిరపకాయకు పన్ను లేదు. ఎండు మిర్చికి 5 శాతం. ఒకే చెట్టు కాయ, కల్లంలో ఎండగానే వేరే లెక్కలోకి వెళుతుంది.

కమీషన్ ఏజెంటు సంగతి ఇంకా వివరంగా చూడాలి. వ్యవసాయ ఉత్పత్తుల అమ్మకంలో కమీషన్ ఏజెంటు చేసే సేవకు పన్ను మినహాయింపు ఉంది. దాన్నిబట్టి నంబరు అక్కర్లేదని కొందరు అనుకుంటారు. కానీ రైతుకు పట్టీ (అమ్మకం లెక్క చీటీ) రాసిచ్చి, కొనుగోలుదారుకు తన సొంత పేరు మీద బిల్లు ఇస్తే, చట్టం దృష్టిలో సరుకు అమ్మింది ఏజెంటే. 2018లో కేంద్ర పన్నుల బోర్డు ఈ విషయం తేల్చింది. సరుకు పన్ను పడేదైతే అలాంటి ఏజెంటు టర్నోవరుతో సంబంధం లేకుండా నమోదు చేసుకోవాలి. యార్డులో మిర్చి కొట్టు పెట్టాలంటే 1966 నాటి మార్కెట్ల చట్టం కింద మార్కెట్ కమిటీ లైసెన్సు కావాలి. అది వేరు, జీఎస్టీ వేరు. ఒకటి ఉందని రెండోది వదిలేయలేం.

పత్తిలో పద్ధతి తిరగబడుతుంది. రైతు దగ్గర నమోదైన వ్యాపారి ముడి పత్తి కొంటే, పన్ను కొన్నవాడే కడతాడు. 2017 నవంబరు 15 నుంచి ఇది అమల్లో ఉంది. దీన్నే రివర్స్ ఛార్జ్ అంటారు. జిన్నింగ్ మిల్లు రైతు పత్తి మీద 5 శాతం తానే కట్టి, దూది అమ్మేటప్పుడు పడే పన్నులో దాన్ని సర్దుకుంటుంది. రైతు చేతి నుంచి ఏమీ పోదు, పోకూడదు కూడా. అందుకే పన్ను పేరు చెప్పి పట్టీలో ఎవరైనా కోత పెడితే రైతు గట్టిగా అడగాలి. ఊళ్లో పత్తి కొని మిల్లుకు తోలే మధ్యవర్తి రైతు కాడు కాబట్టి ఈ తిరగబడే పద్ధతి అతనికి వర్తించదు. అతను తన సరుకును రైతు పేరు మీద రాయించమంటే మిల్లు ఒప్పుకోకూడదు.

దరఖాస్తు

నమోదు బాధ్యత మొదలైన 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. ఆలస్యం చేస్తే సంఖ్య వచ్చిన రోజు నుంచే లెక్క. అంతకు ముందు కొన్న సరుకు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మకం పన్నులో సర్దుకునే హక్కు) ఆ మేరకు పోతుంది. నమోదు చేసుకోకుండా వ్యాపారం చేస్తే జరిమానా 10,000 రూపాయలు, లేదా ఎగ్గొట్టిన పన్ను అంత, ఏది ఎక్కువైతే అది. దరఖాస్తుకు ప్రభుత్వ రుసుము ఏమీ లేదు. ఆన్‌లైన్‌లో నింపిపెట్టినందుకు ఎవరైనా తీసుకునేది వాళ్ల చాకిరీకి మాత్రమే.

ఫారం జీఎస్టీ ఆర్‌ఈజీ-01కు రెండు భాగాలు. మొదటి భాగంలో పాన్, ఫోను, ఈమెయిల్ ఇస్తే ఓటీపీలతో సరిచూసి తాత్కాలిక సంఖ్య ఇస్తారు. దానితో 15 రోజుల్లోగా రెండో భాగం పూర్తి చేయాలి. ఇక్కడ మన వాళ్లు చేసే పెద్ద పొరపాటు, ఫోను, ఈమెయిల్ కన్సల్టెంటువి ఇవ్వడం. నోటీసులన్నీ అక్కడికే పోతాయి. రెండేళ్ల తర్వాత కన్సల్టెంటు మారితే, సొంత వ్యాపారం నోటీసు తనకు అందకుండా పోతుంది. ఎంత చదువురాని వ్యాపారైనా ఫోను నంబరు తనదే ఇచ్చుకోవాలి.

రెండో భాగంలో వ్యాపారం పేరు, యజమాని లేదా భాగస్వాముల వివరాలు, ఫొటోలు, కొట్టు చిరునామా, సంతకం చేసే మనిషి, అమ్మే సరుకులు. సరుకు వివరాల్లో ప్రధానమైన ఐదింటి కోడ్‌లు ఇవ్వాలి. ఎండు మిర్చికి 0904, దూదికి 5201, పత్తి గింజలకు 1207. భాగస్వామ్య సంస్థ అయితే ముందు ఒప్పంద పత్రం, తర్వాత సంస్థ పేరున పాన్, ఆ తర్వాతే ఈ దరఖాస్తు.

కొట్టు చిరునామా దగ్గరే ఎక్కువ ప్రశ్నలు వస్తాయి. సొంత కట్టడమైతే ఇంటి పన్ను రసీదో, కరెంటు బిల్లో ఒకటి చాలు. అద్దెదైతే ఒప్పందం, దానికి తోడు యజమానికి ఆ స్థలం మీద హక్కు చూపే ఒక కాగితం. 2025 ఏప్రిల్ 17న కేంద్ర పన్నుల బోర్డు అధికారులకు ఇచ్చిన సూచనల్లో, జాబితాలో లేని కాగితాలు అడగవద్దనీ, చిన్న చిన్న కారణాలతో ప్రశ్నలు పంపవద్దనీ స్పష్టంగా చెప్పింది. దరఖాస్తుదారులు తెలుసుకుని ఉండాల్సిన మాట ఇది. సరుకు దాచే కోల్డ్ స్టోరేజీనీ, గోదామునూ అదనపు వ్యాపార స్థలంగా చేర్చాలి. మార్చి, ఏప్రిల్‌లో దాచిన టిక్కీలు నెలల తరబడి శీతల గిడ్డంగిలోనే ఉంటాయి. ఆ చిరునామా నమోదులో లేకపోతే తనిఖీలో సరుకు ఎవరిదో చెప్పుకోవడం కష్టమవుతుంది. తొలి దరఖాస్తులో మరచిపోతే ఆర్‌ఈజీ-14తో తర్వాతైనా చేర్చుకోవచ్చు.

ఆధార్ గుర్తింపు తర్వాతి మెట్టు. కొందరికి ఓటీపీతో అయిపోతుంది. అనుమానం తగిలిన దరఖాస్తులకు మాత్రం జీఎస్టీ సువిధా కేంద్రానికి వెళ్లి వేలిముద్ర, ఫొటో ఇచ్చి అసలు కాగితాలు చూపాలి. ఈ బయోమెట్రిక్ పద్ధతిని తొలుత గుజరాత్, పుదుచ్చేరిలలో ప్రయోగాత్మకంగా పెట్టి, తర్వాత ఆంధ్రప్రదేశ్‌కూ తెచ్చారు. అన్నీ సరిగా ఉంటే 7 పనిదినాల్లో సంఖ్య రావాలి. ఆ గడువులో అధికారి ఏమీ తేల్చకపోతే మంజూరైనట్టే లెక్క. కొట్టును స్వయంగా చూడాలనుకుంటే 30 రోజులు. సందేహాలుంటే ఆర్‌ఈజీ-03 వస్తుంది, 7 పనిదినాల్లో ఆర్‌ఈజీ-04తో జవాబివ్వాలి. జవాబివ్వకపోతే దరఖాస్తు పోతుంది. 2025 నవంబరు 1 నుంచి చిన్న వ్యాపారులకు మరో సులువు దారి తెరిచారు. నమోదైన కొనుగోలుదారులకు చేసే అమ్మకాల మీద నెలకు 2.5 లక్షల రూపాయల పన్ను దాటదని చెప్పుకునేవాళ్లకు ఆధార్ గుర్తింపుతో 3 పనిదినాల్లో సంఖ్య ఇస్తారు.

సంఖ్య వచ్చాక ధ్రువపత్రాన్ని కొట్టులో కనబడేలా పెట్టాలి, బోర్డు మీద సంఖ్య రాయించాలి. 30 రోజుల్లో బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వాలి. రిటర్నులు వేయకుండా ఆరు నెలలు వదిలేస్తే రద్దు చేసే అధికారం శాఖకు ఉంది. ఒక శాతం కట్టి సరిపెట్టుకునే కాంపోజిషన్ పద్ధతి 1.5 కోట్ల లోపు టర్నోవరుకు ఉన్నా, యార్డు కొట్లకు అది అచ్చిరాదు. అందులో కొన్నవాడికి క్రెడిట్ రాదు, సరుకు రాష్ట్రం దాటించకూడదు. ఊళ్లో కిరాణా కొట్టుకైతే బాగానే ఉంటుంది.

తోడు సంఖ్యలు

కమీషన్లూ జీతాలూ ఇస్తూ పన్ను పట్టుకోవాల్సిన వాళ్లకు టాన్ అనే మరో పది అక్షరాల సంఖ్య కావాలి. విదేశాలకు మిర్చి పంపాలంటే ఐఈసీ (ఎగుమతి, దిగుమతి కోడ్), స్పైసెస్ బోర్డు నమోదు కావాలి. ఐఈసీకి ఇప్పుడు పాన్ సంఖ్యనే వాడుతున్నారు. పన్ను ముందుగా కట్టకుండా ఎగుమతి చేయాలంటే ఏటా ఆర్‌ఎఫ్‌డీ-11లో హామీపత్రం ఇవ్వాలి.  

పరుల పేరున సంఖ్య

ఈ ప్రాంతపు వ్యాపారంలో ‘జీరో’ అనే మాట ఉంది. బిల్లు లేకుండా కదిలే సరుకు అని అర్థం. దానికి తోడు మరో పద్ధతి పుట్టింది. ముఠా కూలీదో, తొడిమలు తీసే ఆడకూలీదో ఆధార్, పాన్ తీసుకుని, చేతిలో కొద్దిగా డబ్బు పెట్టి, వాళ్ల పేరున సంఖ్య పుట్టించి, కాగితాల మీద కోట్ల సరుకు తిప్పడం. సరుకు తిప్పినవాడు మాయమవుతాడు. నోటీసు మాత్రం కూలి ఇంటికి వస్తుంది. రోజు కూలికి వెళ్లే మనిషి తనది కాని బకాయికి జవాబు చెప్పుకోవలసి రావడం కంటే అన్యాయం ఈ వ్యవస్థలో మరొకటి లేదు. బోగస్ నమోదుల మీద దేశవ్యాప్తంగా 2023లో మే నుంచి జూలై వరకు, 2024లో ఆగస్టు నుంచి అక్టోబరు వరకు ప్రత్యేక తనిఖీలు జరిగాయి.

తన పాన్ మీద ఎక్కడైనా సంఖ్య ఉందేమో ఎవరైనా చూసుకోవచ్చు. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ కూడా అక్కర్లేకుండా, పన్నుదారుల వెతుకులాటలో పాన్‌తో వెతికితే ఆ పాన్ మీదున్న నమోదులన్నీ రాష్ట్రాలవారీగా కనిపిస్తాయి. ఊళ్లో చదువుకున్న పిల్లలు తమ ఇంట్లోవాళ్లకూ, పక్కింటి కూలీలకూ ఈ పని చేసిపెట్టాలి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకు విషయంలో ఎంత గట్టిగా చెబుతామో, దీనికీ అంతే గట్టిగా చెప్పాలి.

యజమాని పోయాక

గుంటూరు కొట్లు చాలావరకు కుటుంబాల చేతుల్లోనివి. యజమాని చనిపోతే ఆయన పేరున ఉన్న సంఖ్య కొడుక్కో కూతురికో సంక్రమించదు. సంఖ్య నడుమ ఉన్నది తండ్రి పాన్ కాబట్టి. వారసులు తమ పాన్‌తో కొత్తగా దరఖాస్తు చేసి, కారణం దగ్గర యజమాని మరణం అని చూపాలి. పాత ఖాతాలో మిగిలిన క్రెడిట్‌ను ఐటీసీ-02తో కొత్త దానికి మార్చుకోవాలి. పాతది ఆర్‌ఈజీ-16తో రద్దు చేయించి, మూడు నెలల్లో చివరి రిటర్ను జీఎస్టీఆర్-10 వేయాలి. కర్మకాండల రోజుల్లో ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయి? అందుకే కొంతమంది పెద్దవాళ్లు తాము ఉండగానే కొడుకునో కూతురినో చేర్చుకుని భాగస్వామ్య సంస్థగా మార్చుకుంటున్నారు. ఇద్దరే భాగస్వాములై ఒకరు పోతే సంస్థే రద్దవుతుంది కాబట్టి ముగ్గురుండేలా చూసుకుంటారు. అలా చేయని కొట్లలో బోర్డు మీద ట్రేడర్స్ పేరు పాతదే ఉంటుంది. పెయింటరు వచ్చి కింది వరసలోని సంఖ్య చెరిపి, 37 తర్వాత కొత్త పాన్ రాసి వెళతాడు.